సెల్‌ఫోనులో రోగి జాడ : ప్రజల సమ్మతిపై ఒక పరిశీలన

2020వ సంవత్సరము మార్చి నెల 20వ తేదీన సింగపూరు ప్రభుత్వము ‘ట్రేస్ టుగెదర్’ అను యాప్‌ను ప్రజలకు అందించినది. పదమూడు దినముల తరువాత, ఏప్రిల్ 2వ తేదీన, మన దేశములో ‘ఆరోగ్య సేతు’ వెలువడినది. ఆ సంవత్సరము ముగియులోపల ప్రపంచములో అనేక దేశములు ఇదే ప్రయత్నము చేసినవి. కరోనా వ్యాధి ఒకరి నుండి ఒకరికి పాకు మార్గమును మనుష్యుల కంటె వేగముగా సెల్‌ఫోను పట్టగలదని శాస్త్రజ్ఞులు తలచినారు. యంత్రము సిద్ధమైనది. దానిని జేబులో పెట్టుకొని తిరుగుటకు ప్రజలు సమ్మతింతురా అను ప్రశ్న మాత్రము మిగిలిపోయినది. ఈ వ్యాసములో మేము పరిశీలించదలచినది ఆ ప్రశ్ననే. యంత్రము గురించి కొంత చెప్పక తప్పదు కాని, మా దృష్టి యంత్రము మీద కంటె దానిని పట్టుకొన్న చేతి మీదను, దానిని అడిగిన చేతి మీదను ఉన్నది.

అంటువ్యాధి సోకినవానిని, అతడు కలిసినవారిని వెదకి కొన్నాళ్ళు వేరుగా ఉంచుట ప్రజారోగ్య శాస్త్రములో పాత పద్ధతి. దీనినే కాంటాక్ట్ ట్రేసింగ్ అందురు. మేము ‘జాడ తీయుట’ అని వ్యవహరింతుము. మశూచి నిర్మూలన చరిత్ర చదివిన విద్యార్థులకు దీని బలము తెలియును. 1974, 1975 సంవత్సరములలో ఆరోగ్య కార్యకర్తలు మన దేశమున ఇల్లిల్లు తిరిగి, మశూచి పొక్కులతో ఉన్న బిడ్డ ఫోటో గల అట్టను చూపి, ఇటువంటి జబ్బు ఎక్కడైనా చూచినారా అని అడిగినారు. జాడ చెప్పినవారికి బహుమతి ప్రకటించినారు. 1975 నాటికి ఆ బహుమతి వెయ్యి రూపాయలకు చేరినది. రోగి దొరికిన వెంటనే చుట్టుప్రక్కల వారందరికి టీకాలు వేసినారు. 1975 మే నెల తరువాత మన దేశమున మశూచి రోగి కనబడలేదు. ఆ ఉద్యమములో కొన్నిచోట్ల బలవంతముగా టీకాలు వేసిన సంగతి కూడ చరిత్రకారులు వ్రాసినారు, దానిని మరువరాదు. అయినను అక్కడ జాడ తీసినది మనిషి. అతడు తలుపు తట్టినాడు, ముఖము చూపినాడు, ప్రశ్న అడిగినాడు. చెప్పుటయో, మానుటయో ఇంటివారి చేతిలో ఉండెను.

కరోనా విషయములో ఈ పద్ధతి చాలలేదు. లక్షణములు పైకి కనబడుటకు ఒకటి రెండు దినముల ముందే రోగి ఇతరులకు వ్యాధిని అంటించగలడు. ఆరోగ్య కార్యకర్త వచ్చి వివరములు వ్రాసికొని రెండవ వరుసవారి వద్దకు పోవునప్పటికి, వారు మూడవ వరుసవారికి అంటించి యుందురు. పైగా బస్సులో ప్రక్క సీటున కూర్చున్నవాని పేరు రోగికి తెలియదు. ఈ రెండు లోపములను ఫోను తీర్చగలదని ఆశ.

అది పనిచేయు తీరు ఇట్లుండును. ఒక పెండ్లి విందును తలచుకొనుడు. వచ్చిన ప్రతి అతిథి జేబులో కొన్ని చీటీలున్నవి; ప్రతి చీటీ మీద అర్థము లేని ఒక సంఖ్య ఉన్నది. పావుగంటకొకసారి అతడు కొత్త చీటీ తీయును. ప్రక్కన కూర్చున్నవారి చీటీ మీది సంఖ్యను తన చిన్న పుస్తకములో వ్రాసికొనును, పేరు అడగడు. ఫోను చేయునది ఇదే. బ్లూటూత్ అను స్వల్పదూర రేడియో తరంగముల ద్వారా ఫోనులు ఒకదానికొకటి సంఖ్యలు చెప్పుకొనును. నాలుగు దినములకు ఒక అతిథికి జ్వరము వచ్చి, పరీక్షలో కరోనా అని తేలినదనుకొందము. ఇక్కడ దారి రెండుగా చీలును. మొదటి దారిలో అతడు తన పుస్తకమును పెండ్లివారి గుమాస్తాకు అప్పగించును. ఏ సంఖ్య ఎవరిదో గుమాస్తా వద్ద పట్టీ ఉన్నది. అతడు అందరికి కబురు చేయును. రెండవ దారిలో రోగి తాను వాడిన సంఖ్యలను మాత్రము ఊరి చావడి గోడపై అంటించును. ప్రతివారు తమ ఇంటిలో తమ పుస్తకము తెరచి సరిచూచుకొందురు. ఎవరు ఎవరిని కలిసినారో తెలిసిన గుమాస్తా ఉండడు. (ఆ దినము ఒక్కరినే కలిసినవానికి రోగి ఎవరో ఊహించుట కష్టము కాదు, ఆ మాట ఒప్పుకొనవలెను.)

మొదటిది కేంద్రీకృత పద్ధతి. సింగపూరు, ఆస్ట్రేలియా, ఫ్రాన్సు, భారతదేశము దీనిని అనుసరించినవి. రెండవది వికేంద్రీకృత పద్ధతి. 2020 ఏప్రిల్ 10వ తేదీన గూగుల్, ఆపిల్ సంస్థలు కలిసి దీనికి అనువైన ఏర్పాటును ప్రకటించినవి. జర్మనీ మొదట కేంద్రీకృతము వైపు మొగ్గి, నిపుణుల విమర్శలు రాగా ఏప్రిల్ చివర మనసు మార్చుకొని, జూన్ 16వ తేదీన వికేంద్రీకృత యాప్‌ను విడుదల చేసినది. దాని లోపలి వ్రాతను ఎవరైనను చదువుకొనునట్లు ముందే బహిరంగపరచినది. మన ఆరోగ్య సేతు నమోదు సమయములో పేరు, ఫోను నంబరు, వయస్సు, లింగము, వృత్తి అడిగినది. బ్లూటూత్‌తో పాటు మనిషి ఉన్న స్థలమును కూడ గుర్తించినది. అనగా చిన్న పుస్తకములో ప్రక్కవాని సంఖ్యయే కాక విందు జరిగిన వీధి కూడ వ్రాయబడును.

ఈ విద్యలో ఒక లెక్క ఉన్నది. విద్యార్థులు దీనిని శ్రద్ధగా చూడవలెను. ఇద్దరు కలిసినప్పుడు ఇద్దరి ఫోనులలోను యాప్ ఉన్ననే ఆ కలయిక నమోదగును. ఒకరి వద్ద ఉండి మరొకరి వద్ద లేకున్న ఫలితము సున్న. కనుక జనాభాలో నూటికి 40 మంది వాడినచో నమోదగు కలయికలు నూటికి 40 కావు, 16 మాత్రమే. 2020 మే నెల మధ్యకు ఆరోగ్య సేతును 10 కోట్ల మంది తమ ఫోనులలో ఎక్కించుకొన్నారు. సంఖ్య పెద్దది. కాని సుమారు 135 కోట్ల జనాభాలో అది ఏడు శాతము చిల్లర. వాడువారు దేశమంతట సమానముగా పరచుకొని యున్నారనుకొన్నచో వెయ్యి కలయికలలో ఐదారు మాత్రమే ఆ వలలో పడును. పట్టణములలో వాడుకరులు గుంపుగా ఉందురు కనుక అచ్చట ఫలితము కొంత మెరుగు. అందుచేత ఈ యంత్రమునకు ప్రజల సమ్మతియే ప్రాణము. మందు ఒక్కడు మింగినను అతనికి పనిచేయును. ఇది అట్లు కాదు.

మరి ప్రజలు సమ్మతించినారా? అడిగినప్పుడు చెప్పిన మాటకు, తరువాత చేసిన పనికి మధ్య దూరము ఆశ్చర్యము గొలుపును. 2020 వసంతములో బ్రిటన్, ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, అమెరికా దేశములలో సుమారు ఆరు వేల మందిని పరిశోధకులు ప్రశ్నించినారు. ఇటువంటి యాప్ వచ్చినచో తప్పక గాని, బహుశా గాని ఎక్కించుకొందుమని నూటికి 75 మంది చెప్పినారు. ఆ ఐదు దేశములలో ఒకటైన ఫ్రాన్సులో యాప్ జూన్ 2వ తేదీన వచ్చినది. మూడు వారముల తరువాత అప్పటి మంత్రి సెడ్రిక్ ఓ లెక్కలు చెప్పినాడు. ఆరున్నర కోట్లకు పైబడిన జనములో దానిని తీసికొన్నవారు 19 లక్షలు. వారిలో 4 లక్షల 60 వేల మంది అప్పటికే తీసివేసినారు. హెచ్చరిక అందినవారు మొత్తము 14 మంది. నాలుగింట మూడు వంతుల మాట మూడు శాతములోపు చేతగా మిగిలినది. ఆస్ట్రేలియాలో 70 లక్షలకు పైగా నమోదు చేసికొన్నారు. అయినను మనుష్యులు వెదకి పట్టలేనివారిలో ఆ యాప్ కనిపెట్టిన రోగులు ఇద్దరే అని 2022లో దానిని మూసివేయునప్పుడు ప్రభుత్వమే ప్రకటించినది.

ఇవి చదివి ఇదంతయు వృథా ప్రయాస అని త్రోసివేయుట తగదు. ఇంగ్లండు, వేల్సు ప్రాంతముల అనుభవము వేరుగా ఉన్నది. అక్కడ మొదటి ప్రయత్నము కేంద్రీకృతముగా వైట్ అను ద్వీపములో జరిగి విఫలమైనది. 2020 సెప్టెంబరు 24న రెండవది వికేంద్రీకృతముగా వచ్చినది. జనాభాలో నూటికి 28 మంది దానిని వాడినారు. ఆ డిసెంబరు చివరిలోపల అది 17 లక్షల హెచ్చరికలు పంపినది. తత్ఫలితముగా 2 లక్షల 84 వేల నుండి 5 లక్షల 94 వేల వరకు కొత్త రోగములు తప్పినవని 2021లో ‘నేచర్’ పత్రికలో శాస్త్రజ్ఞులు లెక్కకట్టినారు. రెండు అంకెల మధ్య దూరము లెక్కకట్టిన పద్ధతుల భేదము వలన వచ్చినది. చిన్న అంకెనే తీసికొన్నను అది స్వల్పము కాదు. మరుసటి సంవత్సరము జూలైలో ఒకే వారములో ఆరు లక్షలకు పైగా హెచ్చరికలు వెళ్ళినవి. హెచ్చరిక అందినవాడు పనికి పోరాదు. హోటళ్ళు, దుకాణములు, కర్మాగారములు మనుష్యులు లేక అల్లాడినవి. అప్పుడు చాలామంది యాప్‌ను తీసివేసినారు. రోగమునకు జంకి కాదు, రహస్యము పోవునని కూడ కాదు. పది దినముల జీతము పోవునని.

ఇక మన దేశము సంగతి. ఆరోగ్య సేతు వచ్చినప్పుడు స్వచ్ఛందమని చెప్పినారు. 2020 మే 1వ తేదీన కేంద్ర హోం శాఖ ఉత్తర్వులో అది ప్రభుత్వ, ప్రైవేటు ఉద్యోగులందరికి తప్పనిసరి అయినది. కంటైన్‌మెంట్ ప్రాంతములలో నూటికి నూరుపాళ్ళు ఉండునట్లు స్థానిక అధికారులు చూడవలెనన్నారు. నోయిడాలో ఫోనులో ఆ యాప్ లేకుండ బయట తిరుగుట శిక్షార్హమని పోలీసులు ఉత్తర్వు వేసినారు. రైలు ప్రయాణమునకు కూడ అది కావలసివచ్చినది. ఏ చట్టము క్రింద ఈ నిర్బంధము అని సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి బి. ఎన్. శ్రీకృష్ణ ప్రశ్నించి, ఇది చట్టవిరుద్ధమని అభిప్రాయపడినారు. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పి అప్పటికి మూడు సంవత్సరములు నిండలేదు. మే 17వ తేదీ ఉత్తర్వులో నిర్బంధము సడలి, యజమానులు తమ శక్తిమేరకు ప్రయత్నింపవలెనని మారినది.

ఇక్కడ మా కళాశాలకు తగిన ఒక మాట చెప్పుకొనవలెను. ఉర్దూలో ‘రాజీ’ అనగా ఇష్టపడినవాడు, సమ్మతించినవాడు. ఆ మాటయే తెలుగులోనికి వచ్చి, ‘రాజీ పడుట’ అనగా ఇష్టము పూర్తిగా లేకున్నను సర్దుకొనుట అయినది. ఆ పది కోట్ల మందిలో ఉర్దూ అర్థమున రాజీ అయినవారెందరో, తెలుగు అర్థమున రాజీ పడినవారెందరో చెప్పగల లెక్క లేదు. ఉద్యోగము కొరకు యాప్ ఎక్కించుకొని, బ్యాటరీ తరిగిపోవుచున్నదని బ్లూటూత్ ఆపివేసినవాడు లెక్కలో ఉండును, వలలో ఉండడు. నిర్బంధము సంఖ్యను పెంచును. బ్లూటూత్‌ను నడిపించునది ఇష్టమే.

మేము ఒకసారి తరగతిలో ఈ ప్రస్తావన తెచ్చి, అప్పట్లో మీ ఇండ్లలో ఎవరు వాడినారు, ఎవరు తీసివేసినారు అని అడిగినాము. బ్యాటరీ సంగతి, ఫోనులో స్థలము చాలని సంగతి చాలమంది చెప్పినారు. పోలీసులకు తెలియునని ఒకరిద్దరు నెమ్మదిగా అన్నారు. వెనుక బెంచీ నుండి ఒక అమ్మాయి లేచి, “సార్, మా ఇంట్లో ఫోన్ ఒక్కటే. అది మా అబ్బాతో పాటు ఆటోలో తిరుగుతుంది. ఇంట్లో ఏడుగురం ఉంటాం. ఆ ఫోన్ ఎవరి జాడ చెబుతుంది?” అని అడిగినది. తరగతి నవ్వినది. మేము నవ్వలేకపోయినాము. ఒక మనిషికి ఒక ఫోను అను ఊహ మీద ఈ విద్య యావత్తు నిలిచియున్నది. మన బస్తీలలో ఫోను కుటుంబమునకు చెందినది. సాధారణ ఫోనులవారి కొరకు 1921 అను నంబరు పెట్టినారు. కాని అది ప్రశ్నలకు జవాబులు చెప్పించుకొను ఏర్పాటే కాని ప్రక్కవానిని గుర్తించునది కాదు.

సమ్మతి ఎట్లు కలుగును, ఎట్లు చెడును అను విషయమునకు సింగపూరును మించిన పాఠము లేదు. అక్కడ మొదట వాడకము మందకొడిగా సాగినది. ఫోను లేనివారికి, ముసలివారికి మెడలో వేసికొను చిన్న పరికరములను ప్రభుత్వము ఉచితముగా పంచినది. సేకరించిన వివరములు వ్యాధి జాడ తీయుటకు తప్ప మరి దేనికిని వాడబోమని 2020 జూన్ నెలలో మంత్రి వివియన్ బాలకృష్ణన్ బహిరంగముగా చెప్పినాడు. సంవత్సరము చివరకు నూటికి సుమారు 78 మంది చేరినారు. 2021 జనవరి 4వ తేదీన మరియొక మంత్రి పార్లమెంటులో ఒక ప్రశ్నకు జవాబు చెప్పుచు, నేర విచారణ చట్టము క్రింద పోలీసులు ఆ వివరములను తీసికొనవచ్చునని అన్నాడు. ఒక హత్య కేసులో అప్పటికే తీసికొన్నారని తేలినది. జూన్‌లో మాట ఇచ్చునప్పుడు ఆ చట్టము తన తలపునకు రాలేదని బాలకృష్ణన్ మరునాడు ఒప్పుకొన్నాడు.

హంతకుని పట్టుటకు వాడినచో తప్పేమి అని మన విద్యార్థులలో కొందరు అడుగవచ్చును. ఉర్దూ విద్యార్థులకు ‘అమానత్’ అను మాట తెలియును. ఒకరు నమ్మి మన వద్ద దాచుకొన్న సొమ్ము అమానత్. దానిని మనము ఎంత మంచి పనికి వాడినను, అడగక వాడినచో అది ‘ఖయానత్’. పొరుగువాడు దాచుకొన్న డబ్బుతో మరియొకని ఆసుపత్రి ఖర్చు తీర్చినాము అనిన, వాడు మన దయను మెచ్చుకొనునేమో కాని మరల డబ్బు తెచ్చి మన వద్ద దాచడు. సింగపూరు ప్రభుత్వము ఈ సంగతి గ్రహించినట్లున్నది. నెల తిరుగకమునుపే, ఫిబ్రవరి 2న, ఏడు రకముల తీవ్ర నేరములకు తప్ప ఆ వివరములు వాడరాదని చట్టము చేసినది. 2023 ఫిబ్రవరిలో ఆ ఏర్పాటును ముగించి, ఆ ఒక్క హత్య కేసుకు సంబంధించినవి తప్ప తక్కిన వివరములన్నియు తుడిచివేసితిమని చెప్పినది. మాట పూర్తిగా నిలబడలేదు; కాని తప్పినచోట ఎంత తప్పినదో ప్రజలకు చెప్పినారు. మా అభిప్రాయములో ఇది చిన్న విషయము కాదు.

అయితే భయము అందరికి ఒకే ధర కాదు. జాడ పుస్తకములో పేరు పడుట వలన ఒకనికి పది దినముల సెలవు, ఒకనికి పది దినముల కూలి నష్టము, మరియొకనికి ఇంటిమీద రాయి. 1897లో పూణేలో ప్లేగు వచ్చినప్పుడు డబ్ల్యు. సి. రాండ్ అను అధికారి సైనికులచేత ఇండ్లు సోదా చేయించి రోగులను పట్టించినాడు. స్త్రీల గదులలో సైతము సోదాలు జరిగినవి. జనము రోగులను దాచినారు. చచ్చినవారిని కూడ దాచినారు. జూన్ 22వ తేదీ రాత్రి చాపేకర్ సోదరులు రాండ్‌ను కాల్చినారు. ఆ సంవత్సరము చేసిన అంటువ్యాధుల చట్టమునే 2020 మార్చిలో మన రాష్ట్రములు మరల తెరచినవి.

2020లో ఏమి జరిగినదో మా పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్‌లో తబ్లీగీ జమాఅత్ సమావేశమునకు పోయి వచ్చినవారిలో వ్యాధి బయటపడినది. అక్కడికి పోయి వచ్చిన ఆరుగురు మరణించినారని మార్చి 30న తెలంగాణ ప్రభుత్వము ప్రకటించి, తక్కినవారు ముందుకు రావలెనని కోరినది. ఆ కోరిక ప్రజారోగ్యరీత్యా సరియైనదే. వ్యాధి నిజము, మరణములు నిజము, జాడ తీయుట అవసరము. కాని కొద్ది దినములలోనే పత్రికలలోను, టెలివిజనులోను, ఫోను సందేశములలోను వ్యాధికి ఒక మతము అంటగట్టినారు. పండ్ల బండివానిని పేరు అడిగి వీధిలోనికి రానీయని సంఘటనలు జరిగినవి. ఏ సమాజమును, ఏ ప్రాంతమును వ్యాధి పేరుతో వేలెత్తి చూపరాదని ఏప్రిల్ 8న కేంద్ర ఆరోగ్య శాఖయే హితవు చెప్పవలసివచ్చినది. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు ధర్మాసనము ఆ సమావేశమునకు వచ్చిన విదేశీయులపై కేసులు కొట్టివేయుచు, వారిని బలిపశువులను చేసినట్లు కనబడుచున్నదని వ్యాఖ్యానించినది. ఆరోగ్య సేతు వెలువడినది సరిగ్గా ఆ ఏప్రిల్ మొదటి వారముననే. అప్పుడు ఒక ముస్లిం బస్తీలో ఆ యాప్‌ను అనుమానముతో చూచినవానిని అజ్ఞాని అనుట న్యాయము కాదు. అతని అనుమానము యంత్రము మీదిది కాదు. ఇష్టము లేని జాతియని ఎవరైనను అన్నచో, వ్యాధి నుండి కోలుకొన్న జమాఅత్ సభ్యులు అనేకులు అదే ఏప్రిల్‌లో రక్తములోని ప్లాస్మాను దానము చేయుటకు వరుసకట్టిన సంగతి గుర్తు చేయవలెను. (ఆ చికిత్స వలన ప్రయోజనము లేదని 2021లో దానిని తొలగించినారు, అది వేరు సంగతి.)

దక్షిణ కొరియాలో ఇదే కథ మరియొక వేషములో నడిచినది. 2020 మే నెలలో సియోల్ నగరపు ఇటేవాన్ ప్రాంతములో రాత్రి క్లబ్బుల నుండి వ్యాధి పాకినది. వాటిలో కొన్ని సంఘము చిన్నచూపు చూచు స్వలింగ ప్రియులు కలియు చోట్లు. వార్తలు ఆ విషయమునే ఎత్తిచూపినవి. క్లబ్బులకు పోయినవారు అనేకులు అధికారుల ఫోనులకు పలుకలేదు. ఉద్యోగము, కుటుంబము పోవునని వారి భయము. ప్రపంచములో ఆ దేశమును మించి ఫోనుల ద్వారా జాడ తీయగల దేశములు కొద్ది. టవర్ల లెక్కలు, క్రెడిట్ కార్డుల లెక్కలు అన్నియు అధికారుల చేతిలోనున్నవి. అయినను నగరపాలకులు చివరకు పేరు చెప్పనక్కరలేకుండ పరీక్ష చేయించుకొనవచ్చునని ప్రకటించవలసివచ్చినది. అప్పుడు జనము కదలినారు.

మన రాష్ట్రములో కూడ దీనికి పోలిక ఉన్నది. 2021 మే నెలలో, రెండవ ఉధృతిలో, తెలంగాణలో ఆశా కార్యకర్తలు, ఆరోగ్య సిబ్బంది ఇంటింటికి తిరిగి జ్వర సర్వే చేసినారు. జ్వరము ఉన్నదని చెప్పినవారికి అక్కడికక్కడే మందుల కిట్టు ఇచ్చినారు. గుమ్మము ముందు నిలబడినది తెలిసిన ముఖము. చెప్పినందుకు చేతికి వచ్చినది మందు. వ్రాసికొనుట ఇందులోను ఉన్నది, పట్టీ ఇందులోను ఉన్నది.

కళాశాల పాలకవర్గము వారికి ఇందులో దగ్గరి సంబంధము గల ఒక సంఘటన చెప్పి ముందునకు పోదుము. మాకు తెలిసిన ఒక వసతి గృహములో ఆ రోజులలో జ్వరము వచ్చిన విద్యార్థుల పేర్లను గది నంబర్లతో సహా నోటీసు బోర్డుపై అంటించినారు. ఉద్దేశము మంచిదే, తక్కినవారు జాగ్రత్త పడవలెనని. మొదటి వారము బోర్డుపై పేర్లున్నవి. రెండవ వారము బోర్డు ఖాళీ. వార్డెను సంతోషించినాడు. మెడికల్ షాపువాడు మాత్రము పారాసిటమాల్ నిలువ లేదని చెప్పుచుండెను. పేర్లు తీసివేసి, జ్వరము చెప్పినవారికి భోజనము గదికి పంపుట మొదలుపెట్టిన తరువాత పిల్లలు మరల వచ్చి చెప్పినారు. ఇంటి గుమ్మములపై కరోనా పోస్టర్లు అంటించు అలవాటు విషయములో సుప్రీంకోర్టు కూడ 2020 డిసెంబరు 9న, అధికారుల ప్రత్యేక ఆదేశము లేనిదే అంటించరాదని చెప్పినది.

తిరిగి ఆరోగ్య సేతు వద్దకు వత్తుము. దాని వివరములను ఎవరు చూడవచ్చును, ఎన్నాళ్ళు ఉంచవచ్చును అను నియమావళి 2020 మే 11న వచ్చినది. అనగా పది కోట్ల మంది దాదాపు చేరిన తరువాత. అది పార్లమెంటు చేసిన చట్టము కాదు. యాప్‌ను ఎవరు, ఎట్లు తయారుచేసినారో తెలుపుమని సమాచార హక్కు క్రింద అడిగినవానికి సమాధానము దొరకలేదు. ఆ అక్టోబరులో కేంద్ర సమాచార కమిషన్ సంబంధిత అధికారులకు సంజాయిషీ నోటీసు ఇచ్చినది. 2021 జనవరి 25న కర్ణాటక హైకోర్టు, వాడుకరి తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండ అతని ఆరోగ్య వివరములను ఇతర శాఖలకు ఇవ్వరాదని మధ్యంతర ఉత్తర్వు చేసినది. జాడ తీయు భాగమును ఆపివేసి, సేకరించిన వివరములు తొలగించితిమని 2023 ఫిబ్రవరిలో ప్రభుత్వము లోక్‌సభలో తెలిపినది. అదే సంవత్సరము ఆగస్టులో వ్యక్తిగత డిజిటల్ వివరముల రక్షణ చట్టము వచ్చినది. అందులో కొన్ని ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు ఇచ్చు అధికారము కేంద్రమునకు ఉంచబడినది. న్యాయశాస్త్రము చదువదలచిన విద్యార్థులు ఆ చట్టములోని 17వ సెక్షనును ప్రత్యేకముగా చదువవలెనని మా కోరిక.

వివరములు తొలగించితిమను లోక్‌సభ సమాధానమును మేము తరగతిలో చదివి వినిపించినాము. ఆటో నడుపువాని కూతురే మరల లేచినది. “తొలగించారని ఎవరు చూశారు సార్?” అని అడిగినది. బయటివారు ఎవరైనను తనిఖీ చేసి సంతకము పెట్టిన కాగితము ఏదైనను ఉన్నచో చూపవలసినదని మేము ఆ వారమంతయు వెదకినాము. మాకు దొరికినది ఆ సమాధానము ఒక్కటే. దానినే నల్లబల్లపై తేదీతో సహా వ్రాసి, మరుసటి పాఠమునకు పోయినాము.